నీళ్లు ఎటు పోతాయో అమ్మకు ఎలా తెలిసింది?

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకు. ఖరగ్‌పూర్‌లో మా పూరీ గేట్ వైపు అలాంటివాళ్లకు లోటు లేదు. ఫలానా లైన్లో ఖాళీ రైల్వే క్వార్టర్‌లో ఎవరో నడుస్తున్నారని, ఫలానా రైలు గార్డు చనిపోయాక కూడా డ్యూటీకి వచ్చాడని చెబుతూనే ఉంటారు. నేను లేచి వెళ్లిపోయేదాన్ని. పదహారేళ్లుగా స్కూల్లో భూగోళం చెబుతున్నాను. ఏదైనా ఉంటే మ్యాపులో చూపించమనే రకం నేను.

ఇప్పుడు నేను రాస్తున్నది మ్యాపులో చూపించగలను. అదే నా బాధ.

ముందే చెప్పేస్తున్నాను, ఇది కోపంతో రాస్తున్నాను. భయపెట్టాలని కాదు. మా తమ్ముడు దాసు గురించి ఒక కాగితంలో ఒక అబద్ధం రాశారు. అది అబద్ధమని మాకు తెలిసిన పద్ధతి ఏమిటో చెబితే ఎవరూ నమ్మరు. నమ్మకపోయినా సరే, జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి పోయారు. క్వార్టర్ ఖాళీ చేశాక అమ్మ, నేను, దాసు పూరీ గేట్ దగ్గర రెండు గదుల ఇంట్లో అద్దెకు ఉన్నాం. నేను పెళ్లి చేసుకోలేదు. దాసు నాకంటే పన్నెండేళ్లు చిన్న. రైల్వే పరీక్షలు నాలుగుసార్లు రాశాడు, రాలేదు. సర్వే పని నేర్చుకున్నాడు. ఇక్కడే మలంచాలో మనుషుల్ని పనులకు పంపే ఒక కాంట్రాక్టరు ఆఫీసు ఉంది. వాళ్లు దాసును కాశ్మీర్ పంపారు. ఊలర్ సరస్సులో ఎక్కడెక్కడ ఒండ్రు పేరుకుందో లోతు కొలిచే పని. మార్చి చివర్లో వెళ్లాడు. పదకొండు రోజులు పనిచేశాడు. పన్నెండో రోజున ఫోన్ వచ్చింది.

కంపెనీ ఇచ్చిన ఉత్తరంలో ఏముందంటే: సెలవు రోజు, మద్యం సేవించి, సోపోర్ ఊరి దగ్గర జీలం నదిలో స్నానానికి దిగి మునిగిపోయాడు. పనికీ మరణానికీ సంబంధం లేదు.

మద్యం! దాసు ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. వాడు సిగరెట్టు కాల్చడం కూడా నేను చూడలేదు. కానీ శవం వచ్చింది, సమాధి చేశాం, ఏడ్చాం. చర్చిలో ఒకరిద్దరు ఆ ఉత్తరం సంగతి విని మమ్మల్ని చూసే చూపు మారింది. ఉత్తరాన్నీ, పోలీసులు ఇచ్చిన కాగితాల నకళ్లనూ ఒక ఫైల్లో పెట్టి బీరువాలో పడేశాను. మళ్లీ తీయలేదు. ఈ సంగతి గుర్తొస్తే నా మీద నాకే ఇప్పటికీ మంట.

మే నెల మొదటివారంలో అమ్మకు మొదలైంది.

ఖరగ్‌పూర్ మే నెల ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఎర్రమట్టి నేల పొద్దున తొమ్మిదికే కాలిపోతుంది. ఎండలకు స్కూలు పొద్దుటిపూటకు మార్చారు కాబట్టి మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉండేదాన్ని. అన్నం తిన్నాక అమ్మ మంచం మీద కూర్చుని, కాళ్లు కిందికి వేలాడేసి, గోడ వైపు చూస్తూ ఉండేది. పడుకోదు. పిలిస్తే పలకదు. మూడు గంటలకు అటూ ఇటూగా మొదలై అరగంట, ఒక్కోసారి ముప్పావుగంట. తర్వాత మామూలే, టీ పెట్టమనేది.

డెబ్బై దాటిన మనిషి, కొడుకు పోయిన దుఃఖం అనుకున్నాను. మూడో రోజు, కాళ్లు మంచం మీద పెడదామని వంగి పట్టుకున్నాను. వెంటనే వదిలేశాను.

గోల్‌బజార్లో ఐసు పెట్టెలోంచి తీసిన చేపను పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి. చీలమండల వరకే. పిక్కలు మామూలు వేడిగా, చెమటగా ఉన్నాయి. చీలమండ దగ్గర గీత గీసినట్టు చల్లదనం మొదలైంది. ఫ్యాను తిరుగుతోంది గానీ అది వేడిగాలే కొడుతోంది. నేల మీద నా అరచేయి పెట్టి చూశాను, గోరువెచ్చగా ఉంది.

రైల్వే హాస్పిటల్‌కు తీసుకెళ్లాను. రక్తప్రసరణ బాగానే ఉందన్నారు. అక్కడ ఉదయం పదకొండు గంటలకు కాళ్లు మామూలుగానే ఉన్నాయి మరి.

ఆ వారంలోనే అమ్మ ఆ సమయంలో మాట్లాడటం మొదలుపెట్టింది. నాతో కాదు. ఎదురుగా కనిపిస్తున్నది ఎవరికో చెబుతున్నట్టు, తాపీగా.

"ఆడోళ్లు పడవల్నిండా నాచు కోసుకొస్తన్నారు. పసువులకి కావాల."

ఇంకో రోజు: "పడమటేపు కొండ. కొండ మీద దర్గా లాటిది ఉన్నాది, వాలు కప్పు. మెట్లు సాలా ఉన్నాయి."

ఇంకో రోజు: "సెట్లు నీళ్లలోనే నిలబడిపోనాయి. గాలేస్తే ఆకు తిరగబడి తెల్లగా అవుతాది."

నేను వీటిని స్కూలు డైరీలో వెనక పేజీల్లో రాసి పెట్టాను. నమ్మి కాదు. డాక్టరుకు చూపించవచ్చని. అమ్మకు చదువు రాదు, రెండు కళ్లలోనూ శుక్లాలు. టీవీ వినడమే తప్ప చూడదు. దాసు అక్కడి నుంచి మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ నేనే స్పీకర్‌లో పెట్టాను. చలి బాగా ఉందన్నాడు, అన్నం దొరుకుతోందన్నాడు, డబ్బు పంపుతానన్నాడు. కొండ, దర్గా, చెట్లు ఏవీ చెప్పలేదు. నా ఫోన్‌కు రెండు ఫోటోలు పంపాడు. ఒకటి దారిలో మంచు, ఇంకొకటి వాడి అన్నం పళ్లెం. అంతే.

తర్వాత ఒక మధ్యాహ్నం అమ్మ నా వైపు తిరిగింది. ఆ సమయంలో నన్ను చూసి మాట్లాడటం అదే మొదటిసారి.

"ఒలే మేరీ, ఆడు ఆ ఊర్లో దిగనేదే."

"ఏ ఊళ్లోనమ్మా?"

"ఆళ్లు కాయితంలో రాసినారు సూడు, ఆ ఊరు. అది సెరువుకి అవతల ఉన్నాది. ఏరు ఇటు నుండి వొచ్చి సెరువులో పడతాది, అటు నుండి ఎల్లిపోతాది. ఆ ఊరు ఎల్లిపోయే కాడ ఉన్నాది. ఆడు దొరికినది వొచ్చి పడే కాడ. నీళ్లు అటు పోతాయి గాని ఇటు వొస్తాయేటి?"

నేను లేచి బీరువా తీశాను.

పోలీసు కాగితంలో శవం దొరికిన చోటు రాసి ఉంది. సరస్సు తూర్పు వైపు, జీలం సరస్సులో కలిసే చోట, విల్లో చెట్ల మధ్య. కంపెనీ ఉత్తరంలో మునిగిన చోటు సోపోర్. జీలం ఊలర్‌లోకి ఆగ్నేయ మూల నుంచి వస్తుంది, పడమటి వైపు సోపోర్ దగ్గర బయటికి పోతుంది. ఎనిమిదో తరగతికి నేనే బోర్డు మీద బాణం గుర్తులు వేసి చెప్పే పాఠం ఇది. సోపోర్‌లో మునిగినవాడు సరస్సంతా ఎదురీది, నది వచ్చే వైపుకు ఎలా చేరతాడు? చచ్చిపోయినవాడు!

రెండు కాగితాలూ ఒకే ఫైల్లో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. నేను భూగోళం టీచర్ని. చదువు రాని, కళ్లు కనపడని మా అమ్మ చెబితే గానీ చూడలేదు. ఆ రోజు నాకు వచ్చింది భయం కాదు. బీరువా తలుపు ఎంత గట్టిగా వేశానంటే దాని అద్దం పగిలింది.

మర్నాడు స్కూలు నుంచి నేరుగా మలంచా వెళ్లాను. ఆఫీసులో ఒక మేనేజరు ఉన్నాడు. అట్లాసు, రెండు కాగితాలు బల్ల మీద పరిచాను.

"నీళ్లు ఎదురెక్కుతాయా సార్, మీ కంపెనీ కోసం?" అన్నాను.

అతను అట్లాసు వైపు చూడనైనా లేదు. "మేడమ్, బాడీ మీద చొక్కా లేదు. పోలీసులూ అదే రాశారు. ఆ చలిలో పనిలో ఉన్నవాడు చొక్కా ఎందుకు విప్పుతాడు? స్నానానికి దిగాడు కాబట్టే విప్పాడు. మీరు టీచరు, మీకు నేను చెప్పాలా?"

నిజంగానే పోలీసు కాగితంలో అది ఉంది. ఒంటి మీద ప్యాంటు మాత్రమే, చొక్కా లేదు. అతను చాయ్ తెప్పించబోయాడు. కాగితాలు లాక్కుని వచ్చేశాను.

ఇంటికి వచ్చేసరికి రెండున్నర. నేను ఎక్కడికి వెళ్లానో అమ్మకు చెప్పలేదు. చొక్కా సంగతి ఆమెకు అసలు ఎప్పుడూ చెప్పలేదు. శవపేటిక తెరిచినప్పుడు వాడికి సూటు వేసి ఉంది. ఈ విషయం గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత తమాషాకు నన్ను ప్రశ్నలు అడిగినవాళ్లందరూ ఇక్కడే ఆగారు.

మూడింటికి అమ్మ మంచం మీద కూర్చుంది. నేను కింద కూర్చున్నాను. కాసేపటికి ఊపిరి గట్టిగా పీల్చింది.

"గాలొచ్చేసినాది. అందరూ గట్టుకి ఎల్లిపోతన్నారు. ఆడు ఒక్కడే ఉండిపోనాడు. డ్రమ్ముల మీద బల్లలేసినారు, దాని మీద. పసుప్పచ్చ సొక్కా ఇప్పేసి ఊపుతన్నాడు. ఎంతసేపని ఊపుతాడు? ఎవుళూ ఇటు సూడట్లేదు. పడవలో మన తపన్ ఉన్నాడు, ఆడూ సూడట్లేదు."

నేను డైరీలో రాయడానికి పెన్ను పట్టుకుని ఉన్నాను. రాయలేకపోయాను.

తపన్ అంటే ఊరి శివార్లో సాలువా దగ్గర ఉండే అబ్బాయి. దాసుతో కలిసి వెళ్లాడు. బెంగాలీవాడే అయినా చిన్నప్పుడు మా తెలుగువాళ్ల క్వార్టర్ల లైన్లలో పెరిగాడు కాబట్టి మాలాగే మాట్లాడతాడు. శవంతో పాటు వచ్చినవాడూ అతనే. సమాధి రోజున నా ముఖం చూడలేదు, దుఃఖం అనుకున్నాను. తర్వాత మళ్లీ పనిలోకి వెళ్లిపోయాడు. జూన్ మొదట్లో సెలవు మీద వచ్చాడని తెలిసి ఆటోలో సాలువా వెళ్లాను.

వాళ్ల ఇంటి ముందు సైకిల్ తుడుస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. కూర్చోమనలేదు.

"పసుపు చొక్కా ఎవరు చూశారు తపన్?" అన్నాను. వేరే మాట ఏదీ అనలేదు.

చేతిలో గుడ్డ పడిపోయింది. "ఎవరు సెప్పినారు దీదీ?"

"ఎవరు చెబితే ఏం? నువ్వు చెప్పలేదు కదా."

గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మొత్తం చెప్పాడు. ఆ రోజు సెలవు కాదు. డ్రమ్ముల మీద బల్లలు పరిచిన తెప్ప మీద లోతు కొలిచే యంత్రం పెట్టారు. మధ్యాహ్నం మూడింటికి కొండల వైపు నుంచి గాలి లేచింది. ఊలర్‌లో మధ్యాహ్నం గాలి గురించి అక్కడి పడవవాళ్లు పొద్దున్నే హెచ్చరించారు. ఉన్నది ఒక్క పడవ, మూడే లైఫ్ జాకెట్లు. సైట్ ఇన్‌ఛార్జి, ఇద్దరు ఇంజినీర్లు ఎక్కారు. యంత్రానికి కాపలాగా దాసును ఉండమన్నారు, మళ్లీ పడవ పంపుతామన్నారు. పడవ ఇంజను దగ్గర తపన్. గట్టుకు వచ్చాక వెనక్కి వెళతానని అడిగాడట. గాలి తగ్గనీ అన్నాడట ఇన్‌ఛార్జి.

"ఆడు సొక్కా ఊపుతా ఉన్నాడు దీదీ. నాను సూసినాను. అటు సూడకురా, నీకు ఉద్యోగం కావాలా వొద్దా అన్నాడు ఇన్‌ఛార్జి. తల తిప్పేసుకున్నాను. మళ్లీ సూసేసరికి తెప్ప బోర్లా పడిపోనాది."

నేను అతన్ని కొట్టాను. చెంప మీద రెండుసార్లు. జీవితంలో నేను మనిషిని కొట్టింది అదొక్కసారే. అతని భార్య లోపలి నుంచి వచ్చి చూసి, గుమ్మంలోనే నిలబడింది. తర్వాత అతనే అన్నాడు, "ఎక్కడ సెప్పమంటే అక్కడ సెప్తాను. ఉద్యోగం పోతే పోనీ."

ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఉద్యోగం పోయింది కూడా. ఇక్కడ లాయరు దగ్గర రాసి ఇచ్చాడు. దుర్గాపూజ సెలవుల్లో నేను, తపన్ కాశ్మీర్ వెళ్లి అక్కడి పోలీస్ స్టేషన్‌లో వాంగ్మూలం ఇచ్చాం. తపన్ చెప్పిన రోజు మధ్యాహ్నం నుంచి అమ్మకు ఆ స్థితి మళ్లీ రాలేదు. మూడింటికి హాయిగా పడుకుంటోంది. కాళ్లు మామూలుగా ఉన్నాయి. ఎన్నోసార్లు పట్టుకు చూశాను.

స్టేషన్ పని అయ్యాక, ఆ చోటు చూపించమని తపన్‌ని అడిగాను. నది సరస్సులో కలిసే వైపు వెళ్లాం. మ్యాపులో గోరంత నీలిరంగు మరక. అక్కడ నిలబడితే అవతలి గట్టు కనపడనంత నీళ్లు. విల్లో చెట్లు నీళ్లలో నిలబడి ఉన్నాయి. గాలికి ఆకు తిరగబడితే తెల్లగా ఉంది. దూరంగా పడమటి వైపు కొండ, పైన దర్గా, దాని వాలు కప్పు. నా డైరీ సంచిలోనే ఉంది. తీయలేదు.

గట్టు మీద ఒక ఆవిడ చాప పరిచి, నీళ్లలో కాసే సింఘాడా కాయలు ఎండబెడుతోంది. మన దగ్గర అమ్మే పానీఫల్ లాంటివే. యాభై ఏళ్లుంటాయి. కొంచెం హిందీ వచ్చు. ఎక్కడి నుంచి అని అడిగింది. ఇక్కడ సరస్సు లోతు కొలిచే పనిలో చనిపోయిన అబ్బాయి అక్కని అని చెప్పాను. ఆవిడ చేతులు దులుపుకుని లేచి, దగ్గరికి వచ్చి నా ముఖం పరీక్షగా చూసింది.

"మీ అమ్మ ఎలా ఉంది?" అని అడిగింది.

మర్యాదకు అడిగిందనుకుని, బాగుంది అన్నాను.

"ఇప్పుడు రావడం లేదు," అంది. "ఎండాకాలం మొదట్లో రోజూ వచ్చేది. మధ్యాహ్నం నమాజు తర్వాత. ఇదిగో, ఈ చెట్టు దగ్గర నీళ్లలో నిలబడేది. చెప్పులు కూడా లేవు. రొట్టె ఇస్తే తీసుకోలేదు, చాయ్ ఇస్తే తాగలేదు. మీ భాష మాకు తెలియదు కదా."

మా అమ్మ ఖరగ్‌పూర్ దాటి శ్రీకాకుళం తప్ప ఎక్కడికీ వెళ్లలేదని చెప్పాను. ఆవిడ వాదించలేదు. చీర చెంగు నడుముకు బిగించి దోపడం ఎలాగో తన పొడుగు అంగీ, ఫెరన్, మీద చేసి చూపించింది. మా అమ్మ పనిలోకి దిగేటప్పుడు అలాగే దోపుతుంది. కానీ మా ఊళ్లో ఆడవాళ్లు సగం మంది అలాగే దోపుతారు. నేను మళ్లీ కాదన్నాను. నా గొంతు పెరిగింది. అబద్ధాలు చాలు, ఇంకా ఎన్ని వినాలి అని అరిచాను. తపన్ నా మోచేయి పట్టుకున్నాడు.

ఆవిడకు కోపం రాలేదు. "అచ్చం ఇలాగే," అంది. "ఇక్కడ ఆ పనివాళ్ల డేరాలు ఉండేవి, వాటి వైపు తిరిగి ఇలాగే అరిచేది. వేలు చూపించి, ఒక్కొక్క డేరాకి. గాలి వచ్చినా ఆగేది కాదు. వాళ్ల ఇన్‌ఛార్జి మనుషుల్ని పంపితే వాళ్లు దగ్గరికి వెళ్లలేక తిరిగొచ్చేశారు. నెల తిరక్కుండా డేరాలు ఎత్తేసి అవతలి గట్టుకు మార్చుకున్నారు."

నేను తపన్ వైపు తిరిగాను. డేరాలు మార్చిన మాట నిజమేనా అని అడిగాను. నిజమేనన్నాడు. మే నెలలో మార్చారట. ఎందుకో చెప్పలేదట. గట్టు మీద ఒక పిచ్చి ముసలమ్మ తిరుగుతోందని కూలీలు అనుకోవడం విన్నాడు గానీ తను ఎప్పుడూ చూడలేదట. మూడింటికి తను ఎప్పుడూ నీళ్ల మీదే ఉండేవాడు.

మా అమ్మ గొంతు పెంచడం నలభై ఒక్క ఏళ్లలో నేను వినలేదు. నాన్న పోయినప్పుడూ, దాసు పెట్టె తెరిచినప్పుడూ కూడా నోరు మూసుకునే ఏడ్చింది. నాకున్న కోపంలో పావు వంతు ఆమెకు ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

తిరిగొచ్చాక ఒక సాయంత్రం అడిగాను. "అమ్మా, ఆ చెరువు గట్టున నువ్వు ఎవరిని తిట్టావు?"

"ఏ సెరువే?" అంది. బియ్యంలో రాళ్లు తడుముకుంటూ. నటించడం అమ్మకు రాదు.

కంపెనీ ఇప్పుడు ఇంకో ఉత్తరం ఇచ్చింది. మద్యం, సెలవు, స్నానం మాటలు అందులో లేవు. 'ప్రమాదవశాత్తు' అని రాశారు. ప్రమాదం కాదు. తల తిప్పుకోమన్న మనిషి ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాడు. కేసు నడుస్తోంది. నేను వదలను.

మిగిలినదానికి నా దగ్గర లెక్క లేదు. ఆ ఆవిడ ఎవరినో చూసి మా అమ్మ అనుకుని ఉండవచ్చని నాకు నేను చెప్పుకుంటాను. చాలా రోజులు అది సరిపోయింది. మొన్న బీరువా సర్దుతుంటే అమ్మ హాస్పిటల్ చీటీలు దొరికాయి. మే నెలవి. కాళ్ల కోసం వెళ్లినప్పుడే డాక్టరు గొంతు కూడా చూసింది. అప్పుడు నేను దాన్ని పట్టించుకోనేలేదు. అమ్మ గొంతు బొంగురుపోయి, పది రోజులు ఉప్పునీళ్లు పుక్కిలించింది. డాక్టరు నన్ను అడిగిన ప్రశ్న నాకు ఇప్పుడు స్పష్టంగా గుర్తుంది. "ఇంత గట్టిగా ఎవరి మీద అరిచారమ్మా ఈవిడ?" అంది.

నేను నవ్వి, మా అమ్మ అరవదండీ అన్నాను.